పిల్లల చేతిలో ఫోన్ సరే, మన నోట్లో మాట ఏది?



ఇది కొంచెం పొడుగు రాత. రాత్రి అన్నం తిన్నాక తీరిగ్గా చదవండి. తెలుగు అక్షరాలు రానివాళ్ళు మన గ్రూపులో చాలామంది ఉన్నారని తెలుసు. వాళ్ళ కోసం ఇదే సంగతిని నా గొంతుతో చదివి వాయిస్ మెసేజ్‌గా కూడా పెడతాను.

పోయిన ఆదివారం మన సంఘం మీటింగులో ఒక పెద్దాయన లేచి, "ఫోన్లో గేములు ఆడే పిల్లలకు ఈ ఏడాది చదువు బహుమతి ఇవ్వకూడదని తీర్మానం చేద్దాం" అన్నారు. "గేములు మాని పుస్తకాలు చదివితేనే మన పిల్లలు, మన భాష బాగుపడేది" అని కూడా అన్నారు. హాలంతా చప్పట్లు కొట్టింది. వచ్చే మీటింగులో తీర్మానం పెడతామని కార్యదర్శి రాసుకున్నారు. నేను చప్పట్లు కొట్టలేదు, అట్లాగని నోరు తెరిచి వద్దని చెప్పిందీ లేదు. ఇంటికొచ్చాక అది మనసులో గుచ్చుకుంటానే ఉంది. అందుకే ఈ రాత.

ఆ పెద్దాయన మీద నాకు గౌరవం ఉంది. ఆయన భయం నిజమైన భయమే. కానీ ఆయన చూపిన దొంగ అసలు దొంగ కాదని నా అభిప్రాయం.

మొదట మన హాల్లో ఉన్న అద్దాల బీరువా సంగతి చెబుతాను. నాలుగేళ్ళ కింద చందా వేసుకుని విజయవాడ నుంచి తెలుగు పుస్తకాలు తెప్పించాం. బొమ్మల కథలు, శతకాలు, నవలలు అన్నీ ఉన్నాయి. ఫోటోలు దిగాం. ఇప్పుడు ఆ బీరువా పక్కన ఉన్న రిజిస్టరు తీసి చూడండి. ఈ నాలుగేళ్ళలో పుస్తకం తీసుకున్నవాళ్ళ పేర్లు రెండే ఉన్నాయి. అందులో ఒకటి నాది. తప్పు ఎవరిదని నేను అడగడం లేదు. మన ఇళ్ళలో తెలుగు మాట ఉంది, అక్షరం లేదు. మనమంతా తమిళంలో చదువుకున్నాం, మన పిల్లలు తమిళం, ఇంగ్లీషు చదువుతున్నారు. నాకు తెలుగు అక్షరం వచ్చింది కూడా బళ్ళో కాదు. శివకాశి క్యాలెండర్ ఆర్డర్ల కోసం విజయవాడ, గుంటూరు తిరిగే రోజుల్లో, తిథులు, పండగలు తప్పు పడకుండా ప్రూఫులు చూడాల్సి వచ్చి, ముప్పై ఏళ్ళు దాటాక నేర్చుకున్నాను. కాబట్టి పిల్లలు గేము మానేస్తే ఆ బీరువా దగ్గరికి పరిగెత్తుతారనుకోవడం మనల్ని మనం మోసం చేసుకోవడమే.

రెండో సంగతి. ఇప్పుడు మనం పుస్తకాలను ఆకాశానికి ఎత్తుతున్నాం కదా, మన చిన్నప్పుడు మన పెద్దవాళ్ళు ఆ పుస్తకాలనే తిట్టేవాళ్ళు. మరిచిపోయామా?

మన తిరుత్తంగల్ పక్కనే, శివకాశిలో, 1972లో ముత్తు కామిక్స్ మొదలైంది. మొదటి పుస్తకం ఇరుంబుక్కై మాయావి. కరెంటు షాక్ తగిలితే ఆ మనిషి మాయమైపోతాడు, ఒక్క ఇనుప చెయ్యి మాత్రం గాలిలో కనిపిస్తుంది. తర్వాత 1984లో లయన్ కామిక్స్ వచ్చింది. అవి చదివి మన వీధి పిల్లలు కరెంటు బోర్డులో వేలు పెడతారేమోనని ఇంటింటా భయమే. "బొమ్మల పుస్తకాలు చదివి చెడిపోతారు" అని మా నాయన మూడు పుస్తకాలు పొయ్యిలో పెట్టాడు. ఈ రోజు ఆ పాత కాపీ దొరికితే ఎంత డబ్బయినా ఇచ్చి కొనుక్కునే మామలు ఈ గ్రూపులోనే ఉన్నారు. ఆ చప్పట్లలో వాళ్ళ చేతులు కూడా ఉన్నాయి!

ఆ మాయావి మన ఊరివాడా? కాదు. బ్రిటన్ పత్రికలో 1962లో మొదలైన స్టీల్ క్లా అనే బొమ్మల కథ అది. బొమ్మలు వేసింది స్పెయిన్ దేశపు హెసుస్ బ్లాస్కో. ఇటలీ నుంచి టెక్స్ విల్లర్, బెల్జియం నుంచి లక్కీ లూక్ కూడా ఇట్లాగే శివకాశికి వచ్చినవాళ్ళే. ఎక్కడో పుట్టిన కథను ఒకరు కూర్చుని, మన పక్క పిల్లలకు అర్థమయ్యే తమిళంలో మాటలు రాసి, ఇక్కడి మిషను మీద అచ్చు వేశారు. దాంతో అది మన వీధి కథ అయిపోయింది. పరాయి వినోదం మన సొంతం కావాలంటే ఎవరో ఒకరు దాన్ని మన మాటలోకి తేవాలి.

చందమామ కూడా అంతే. 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి గార్లు మద్రాసులో దాన్ని మొదలుపెట్టినప్పుడు తెలుగులో చందమామగా, తమిళంలో అంబులిమామగా ఒకేసారి వచ్చింది. మన ఇళ్ళలోకి వచ్చింది అంబులిమామే, ఎందుకంటే మనకు వచ్చిన అక్షరం అదే. మా పెద్దక్క దాన్ని తమిళంలో చదివి, చదవడం రాని మా అవ్వకు తెలుగులో చెప్పేది. విక్రమార్కుడు చెట్టు ఎక్కినట్టు, శవాన్ని భుజాన వేసుకున్నట్టు ఆమె చెబుతుంటే మేము అవ్వ పక్కన చేరేవాళ్ళం. పుస్తకం తమిళం, కథ తెలుగు. ఎవరికీ అడ్డం కాలేదు. ఎందుకు? మధ్యలో మా అక్క ఉంది కనుక.

ఇదే నేను చెప్పదలుచుకున్న అసలు మాట. భాషను నిలబెట్టింది పుస్తకం కాదు, పుస్తకం పక్కన కూర్చున్న మనిషి. ఇప్పుడు భాషను పోగొడుతున్నది కూడా గేము కాదు. గేము పక్కన ఎవరూ కూర్చోకపోవడం.

మా అవ్వ సంగతి కొంచెం చెప్పనివ్వండి. సాయంత్రం అయితే ఇంట్లో అందరం అగ్గిపెట్టెలు అంటించే పనిలో కూర్చునేవాళ్ళం. మధ్యలో గంజి గిన్నె, చుట్టూ మేము. ఒక గ్రోసు అంటే నూట నలభై నాలుగు పెట్టెలు. ఒక కత ముగిసేలోపు ఎవరు ఎన్ని అంటించారో అవ్వ లెక్క పెట్టేది, తెలుగులోనే. పేదరాశి పెద్దమ్మ, ఏడుగురు అన్నదమ్ముల చెల్లెలు, మన వాళ్ళు ఆంధ్ర దేశం వదిలి నదులు దాటి ఈ కరిసల్ నేలకు వచ్చిన కత, అన్నీ ఆ గంజి వాసనలోనే విన్నాను. ఆ రోజులు బంగారు రోజులని నేననను. చిన్న పిల్లలతో పని చేయించిన రోజులవి. మా పెద్దక్క చదువు ఎనిమిదో తరగతితో ఆగింది ఆ పెట్టెల వల్లే. అవి మళ్ళీ రావాలని ఎవరూ కోరుకోకూడదు. కానీ పని పోయినప్పుడు దానితో పాటు కత కూడా పోయింది, దాని బదులు ఏదీ పెట్టలేదు మనం.

ఆ కతల విలువ ఏమిటో కావాలంటే కోవిల్‌పట్టి పక్కన ఇడైసెవల్ వైపు చూడండి. కి. రాజనారాయణన్ గారి ఇంటి భాష మన తెలుగే. పెద్ద చదువు లేదు. ఊళ్ళో ముసలివాళ్ళ నోట విన్న వలస కతలతో 1976లో గోపల్ల గ్రామం నవల రాశారు. దాని తర్వాతి నవల గోపల్లపురత్తు మక్కళ్‌కు 1991లో సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. పాండిచ్చేరి విశ్వవిద్యాలయం ఆయన్ని పిలిచి జానపద కతల పని అప్పగించింది. 2021లో ఆయన పోయినప్పుడు ప్రభుత్వ మర్యాదలతో సాగనంపారు. ఆయన రాసింది తమిళంలో. కానీ ఆ నవలల వెనక ఉన్నది తెలుగు అవ్వల గొంతు. ఆ గొంతు వినే చెవి ఒకటి ఉంది కాబట్టి అది పుస్తకమైంది.

మరి మన ఇంట్లో ఆ గొంతు ఎప్పుడు ఆగింది? సెల్‌ఫోన్ వచ్చాక అంటారా? కాదు. 1993లో సన్ టీవీ వచ్చింది, ఆ తర్వాత కేబులు మన వీధిలోకి వచ్చింది. మా అవ్వే మొదట కత మానేసింది. "ఉండరా, సీరియల్ అయిపోనీ" అనేది. తర్వాత మా అమ్మ, తర్వాత మేము. తెలుగు చానళ్ళు కూడా వచ్చాయి, చూశాం, అయితే చూడటమే. టీవీ మాట్లాడుతుంది, మనం మాట్లాడం. కాబట్టి మొదట మానేసింది పిల్లలు కాదు, మనం. ఖాళీగా ఉన్న చోటులోకి ఫోన్ వచ్చి కూర్చుంది, అంతే.

ఇప్పుడు నా మేనల్లుడి సంగతి. పదో తరగతి. వాడి అవ్వ తెలుగులో పిలిస్తే తమిళంలో బదులు చెప్పే పిల్లవాడు. "ఇంట్లో తెలుగు మాట్లాడితే బళ్ళో మార్కులు తగ్గుతాయి" అని వాడి చిన్నప్పుడు ఎవరో చెబితే మా అక్క కూడా వాడితో తమిళమే మాట్లాడింది. పోయిన నెల ఒక రాత్రి వాళ్ళింట్లో పడుకున్నాను. గదిలో నుంచి తెలుగు వినపడింది. "వెనక్కి రా, ఎడమ పక్క దాక్కో, వాడు మిద్దె మీద ఉండాడు!" నాకు ఆశ్చర్యం. తలుపు తీశాను.

"ఎవరితోరా మాట్లాడతా ఉండావు?"

"గుంటూరు పిలగాడు మామా. మా టీములో ఉండాడు."

"నీ తెలుగు వాడికి అర్థమవుతుందా?"

"మొదట్లో నవ్వినాడు. మీది ఏ ఊరి తెలుగు బ్రో అని అడిగినాడు. ఇప్పుడు అలవాటైపోయింది. వాడు కూడా 'ఉండాడు' అంటాడు."

నేను నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పదిహేనేళ్ళు మనం ఇవ్వలేని తెలుగును ఒక తుపాకుల ఆట ఆర్నెల్లలో వాడి నోట్లో పెట్టింది. ఎందుకంటే అక్కడ ఆ మాటకు పని ఉంది. 'ఎడమ' అనే మాట తెలియకపోతే వాడు ఆటలో చస్తాడు. మన ఇంట్లో తెలుగు తెలియకపోతే వాడికి ఏమీ కాదు.

దీన్ని చదివి, "చూశారా, గేములు మంచివంటున్నాడు" అని వాట్సాప్‌లో తిప్పకండి. అప్పుడు టైము రాత్రి ఒకటిన్నర. తెల్లారి వాడికి పరీక్ష. ఆ పరీక్షలో మార్కులు బాగా తగ్గాయి. ఆట కోసం నిద్ర, చదువు, స్నేహం అన్నీ వదిలేసి, నష్టం కనపడుతున్నా ఆపలేకపోవడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో జబ్బుల జాబితాలో చేర్చింది, 2022 జనవరి నుంచి అది అమల్లో ఉంది. కానీ ఒక మాట గమనించండి. ఎక్కువ ఆడే ప్రతి పిల్లవాడికీ ఆ జబ్బు ఉందని వాళ్ళు చెప్పలేదు. మామూలుగా ఏడాది పాటు అట్లా సాగితేనే ఆ పేరు పెట్టమన్నారు. మన తీర్మానం మాత్రం సెలవు రోజు అరగంట ఆడేవాణ్ణీ, రాత్రంతా మేలుకునేవాణ్ణీ ఒకే కట్టలో కడుతుంది.

పైగా నిషేధంతో ఏం జరుగుతుందో చూశాం కదా. 2020 సెప్టెంబరులో కేంద్రం పబ్‌జీని నిషేధించింది. 2021 జులైలో అదే ఆట బీజీఎంఐ అని వేరే పేరుతో వచ్చింది. 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్‌ను నిషేధిస్తే పిల్లలు ఫ్రీ ఫైర్ మ్యాక్స్‌కు మారారు. దేశం చెబితేనే ఆగని పిల్లలు మన సంఘం తీర్మానానికి ఆగుతారా? ఆగరు. అబద్ధం చెప్పడం నేర్చుకుంటారు. "నేను ఆడను తాతా" అని బహుమతి తీసుకుని వెళతారు. నిజం చెప్పిన పిల్లవాడే నష్టపోతాడు. చదువు బహుమతి చదువుకు ఇవ్వాలి, అంతే.

ఇంకో చేదు మాట. పిల్లల గేముల గురించి అంత ఆవేశపడిన మనం పెద్దవాళ్ళ గేముల గురించి ఒక్క మాట అన్నామా? డబ్బు పెట్టి ఫోన్లో ఆడే రమ్మీ గురించి? మన బంధువుల్లోనే ఒకాయన కూతురి పెళ్ళికి దాచిన నగలు తాకట్టు పెట్టి మరీ ఆడాడు. ఇంట్లో తెలిసేసరికి వడ్డీ అసలును దాటింది. ఆ పిల్ల పెళ్ళి రెండేళ్ళు వెనక్కి పోయింది. పేరు చెప్పను, చెప్పకూడదు. అట్లాంటి ఇల్లు అదొక్కటే కాదని మీకూ తెలుసు. తమిళనాడు ప్రభుత్వం 2022లో దీని మీద చట్టం చేసింది, కోర్టుల్లో నలిగింది. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ చట్టం చేసింది. చట్టం వచ్చింది కాబట్టి జబ్బు పోయిందనుకోకండి, దొడ్డిదారులు ఎప్పుడూ ఉంటాయి. తీర్మానం చేయాలంటే దాని మీద చేద్దాం. అప్పులో పడినవాడు సిగ్గుపడకుండా వచ్చి చెప్పుకోవడానికి ఇద్దరు పెద్దలను నియమిద్దాం. అది సంఘం చేయగలిగిన పని.

ఆట అంటే చెడ్డదని మనం ఎప్పుడూ అనుకోలేదు కూడా. మన అవ్వలు వామనగుంటలు ఆడారు, దాయాలు వేశారు. మన కంబళ నాయక్కర్ల దేవరాట్టం ఈ రోజుకీ ఉరుమి మోగితే కాళ్ళు కదిలిస్తుంది. 2024 డిసెంబరులో గుకేశ్ సింగపూర్‌లో చదరంగం ప్రపంచ విజేత అయిన రాత్రి ఈ గ్రూపులో ఎన్ని మెసేజులు! "మద్రాసులో పుట్టిన మన తెలుగు పిల్లవాడు" అని అందరం స్టేటస్ పెట్టుకున్నాం. పద్దెనిమిదేళ్ళ పిల్లవాడు ఆటలో గెలిస్తే మనవాడు, మన ఇంట్లో పిల్లవాడు ఆట ఆడితే చెడిపోయినవాడు. చదరంగమూ తుపాకుల ఆటా ఒకటేనని నేననడం లేదు. ఏ ఆట, ఎంతసేపు, ఎవరితో, ఎంత డబ్బు అని అడగకుండా 'గేము' అనే ఒక్క మాటతో అన్నిటినీ కొట్టేయకూడదంటున్నాను.

సరే, ఇన్ని చెప్పావు, ఏం చేయమంటావు అని అడుగుతారు. నాకు తోచింది చెబుతాను.

తీర్మానం వదిలేద్దాం. దాని బదులు నెలకు రెండు ఆదివారాలు, సాయంత్రం రెండు గంటలు, మన హాలు తెరిచి పెడదాం. పిల్లలను ఫోన్లు తెమ్మందాం. అవును, తెమ్మందాం. మొదటి గంట వాళ్ళది. వాళ్ళు ఆడే ఆట ఏమిటో పెద్దవాళ్ళకు తెలుగులో చెప్పి చూపించాలి. మాట రాకపోతే మనం అందించాలి. నవ్వకూడదు, అది ముఖ్యం. నా మేనల్లుణ్ణి గుంటూరు పిల్లవాడు నవ్వి కూడా వదలలేదు, మనం నవ్వి వదిలేస్తాం.

రెండో గంట పెద్దవాళ్ళది. ఒక అవ్వ కానీ తాత కానీ ఒక కత చెప్పాలి. అదే ఫోన్‌తో ఒక పిల్లవాడు దాన్ని రికార్డు చేయాలి. ఎవరు చెప్పారు, ఏ ఊరు, ఏ ఏడాది అని ముందు చెప్పించి పెట్టుకోవాలి. నగలు, నాట్లు, వంటలు, తిట్లు అన్నీ కావాలి. మన సంఘంలో ఎనభై దాటిన వాళ్ళు ఎంతమంది ఉన్నారో మీరే వేళ్ళ మీద లెక్క పెట్టండి. మా అవ్వ చెప్పిన వలస కతలో ఒక నది దగ్గర చెట్టు వంగి దారి ఇచ్చిందని వస్తుంది. ఆ తర్వాత ఏం జరిగిందో నాకు సగమే గుర్తుంది. అడగడానికి ఇప్పుడు ఆమె లేదు. ఆ సగం నా మేనల్లుడికి నేను ఇవ్వలేను. దీనికి ఏ గేము కారణం?

బీరువా తాళం హాల్లోనే మేకుకు తగిలిద్దాం. అక్షరాలు నేర్చుకోవాలనుకునే వాళ్ళకు, పిల్లలైనా పెద్దలైనా, నేను వస్తాను. క్యాలెండర్ చేతిలో పెట్టి ఆదివారం, సోమవారం నుంచి మొదలుపెడతాను. నేను నేర్చుకున్న దారి అదే.

ఇంట్లో ఒక్క నియమం చాలు. అన్నం తినేటప్పుడు ఎవరి చేతిలోనూ ఫోన్ ఉండకూడదు. పిల్లల చేతిలోనే కాదు, నాయన చేతిలో కూడా. ఆ ఇరవై నిమిషాలు తెలుగులో మాట్లాడదాం. "సాంబారులో ఉప్పు చాల్లేదు" అన్నా అది తెలుగే.

మొన్న మా అక్క మొదటిసారి మేనల్లుడి పక్కన కూర్చుని, "ఏమిరా, ఈ గుంటూరు పిల్లవాడి అమ్మ ఏం పని చేస్తుందంట?" అని తెలుగులో అడిగింది. వాడు ఫోన్ మీద నుంచి తల ఎత్తి, తెలుగులోనే, "మిరపకాయల యార్డులో అమ్మా" అన్నాడు. అంతే. ఆ తర్వాత మళ్ళీ ఆటలో పడిపోయాడు. కానీ తల ఎత్తాడు కదా.

వచ్చే మీటింగులో చప్పట్లు కొట్టే ముందు దీని గురించి ఒక్కసారి ఆలోచించండి. నేను చెప్పింది తప్పయితే ఇక్కడే రాయండి, అక్షరం రానివాళ్ళు వాయిస్ పెట్టండి. తిట్టినా పరవాలేదు. తెలుగులో తిట్టండి.